అత్యవసర రేడియో

అత్యవసర రేడియో అనగా తుపాను, వరద, భూకంపం వంటి విపత్తులలో ప్రజల ప్రాణరక్షణకు కావలసిన సమాచారాన్ని రేడియో తరంగాల ద్వారా చేరవేసే ఏర్పాటు. దీనికోసం సులభంగా మోసుకొనిపోగల పరికరాలను వాడినపుడు దానిని సంచార అత్యవసర రేడియో అనవచ్చును. ఇందులో రెండు విధానాలున్నవి. మొదటిది ప్రసారం: ఒక కేంద్రం మాట్లాడుతుంది, రేడియో ఉన్న వారందరూ వింటారు. రెండవది పరస్పర సంభాషణ: ఇరువైపుల వారూ మాట్లాడతారు, వింటారు. హామ్ రేడియో, పోలీసుల వైర్‌లెస్ సెట్లు ఈ రెండవ కోవకు చెందినవి. హెచ్చరికను ప్రజలకు చేర్చేది ప్రసారం. చిక్కుకుపోయిన ఊరి కబురును బయటకు తెచ్చేది సంభాషణ. విపత్తులో ఈ రెండూ అవసరమే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు సముద్రపు తుపానులకు, కృష్ణా, గోదావరి వరదలకు తరచుగా గురవుతున్నందున ఈ విషయానికి ఇక్కడ ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది.

ఆవశ్యకత

సాధారణ రోజులలో సెల్‌ఫోను ఉండగా రేడియోతో పనేమున్నదని అనిపించవచ్చును. కాని సెల్‌ఫోను పనిచేయుటకు టవరు, దానికి విద్యుత్తు, ఆ టవరును మిగిలిన వ్యవస్థతో కలిపే తీగ లేదా మైక్రోవేవ్ లంకె అన్నీ ఉండాలి. కరెంటు పోయిన తరువాత టవరు కొన్ని గంటలపాటు బ్యాటరీలతోను, ఆపై డీజిల్ జనరేటరుతోను నడుస్తుంది. రోడ్లు తెగితే డీజిల్ చేరదు. టవరు నిలిచి ఉన్నా, అందరూ ఒకేసారి ఫోన్లు చేయడం వలన లైన్లు దొరకవు.

రేడియో ప్రసారానికి ఈ రెండవ ఇబ్బంది లేదు. పదిమంది విన్నా పదివేలమంది విన్నా ప్రసార కేంద్రంపై పడే భారం ఒక్కటే. చేతిలో ఇమిడే చిన్న రేడియో రెండు సెల్లులతో అనేక గంటలు పనిచేస్తుంది. చదువు రానివారికి కూడా వారి భాషలోనే విషయం అర్థమవుతుంది.

పనిచేయు విధానం

- మీడియం వేవ్: ఆకాశవాణి పెద్ద కేంద్రాలు వాడే పద్ధతి. ఈ తరంగాలు భూమి ఉపరితలాన్ని అనుసరించి చాలా దూరం పోతాయి. ఒక కేంద్రం అనేక జిల్లాలకు వినిపిస్తుంది. ఎత్తైన స్తంభం, ఎక్కువ విద్యుత్తు కావాలి కనుక దీనిని మోసుకొనిపోవడం సాధ్యం కాదు.
- ఎఫ్.ఎం.: 88 నుండి 108 మెగాహెర్ట్జ్ మధ్య జరిగే ప్రసారం. తరంగాలు దాదాపు సూటిగా ప్రయాణిస్తాయి కనుక యాంటెన్నా ఎంత ఎత్తున ఉంటే అంత దూరం వినిపిస్తుంది. పరికరాలు చిన్నవి. సంచార కేంద్రానికి ఇది అనువైనది.
- షార్ట్ వేవ్: 3 నుండి 30 మెగాహెర్ట్జ్ వరకు గల తరంగాలు వాతావరణపు పై పొరయైన ఐనోస్ఫియరును తాకి తిరిగి భూమికి చేరుతాయి. అందువలన తక్కువ శక్తితో కూడా వందల, వేల కిలోమీటర్ల దూరం మాట్లాడవచ్చును. హామ్ ఆపరేటర్లు దూరపు సంభాషణకు దీనిని వాడతారు.
- వీ.హెచ్.ఎఫ్. చేతి సెట్లు: వీటి పరిధి కొద్ది కిలోమీటర్లు మాత్రమే. సహాయక బృందాలలోని వారు ఒకరితో ఒకరు మాట్లాడుకొనుటకు పనికివస్తాయి.

యాంటెన్నా ఎత్తు ప్రభావాన్ని ఒక లెక్కతో గ్రహించవచ్చును. 30 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నాకు, మధ్యలో అడ్డులేనపుడు, రేడియో దిగంతం సుమారు 22 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అదే యాంటెన్నా 9 మీటర్ల ఎత్తున ఉంటే సుమారు 12 కిలోమీటర్లే. గుట్టలు, భవనాలు, చెట్లు అడ్డువచ్చినపుడు ఆచరణలో పరిధి ఇంకా తగ్గుతుంది. కనుక సంచార కేంద్రాన్ని ఊరిలోని ఎత్తైన మేడపైన గాని, సమీపంలోని గుట్టపైన గాని నెలకొల్పుతారు.

సంచార ప్రసార కేంద్రం

ఎఫ్.ఎం. సంచార కేంద్రంలో ప్రధానంగా ఉండేవి ఇవి:

- ట్రాన్స్‌మిటరు: చిన్న పెట్టెలో ఇమిడే పరికరం. దీని శక్తి సాధారణంగా కొన్ని పదుల వాట్లు ఉంటుంది.
- మైకు, మిక్సరు, ముందుగా రికార్డు చేసిన మాటలను వినిపించే సాధనం.
- మడతపెట్టగల స్తంభం, యాంటెన్నా, వాటిని ట్రాన్స్‌మిటరుతో కలిపే కేబులు. 90 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో తరంగదైర్ఘ్యం సుమారు 3.3 మీటర్లు. అందులో నాలుగవ వంతు పొడవుగల కడ్డీ ఒక మీటరు కంటె చిన్నదే.
- బ్యాటరీ, దానిని నింపుటకు జనరేటరు లేదా సౌరపలక.
- ప్రసారం ఎలా వినిపిస్తున్నదో సరిచూచుకొనుటకు ఒక మామూలు రేడియో.

ఈ పరికరాలన్నిటికీ కలిపి 120 వాట్లు ఖర్చవుతున్నదనుకుంటే, 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీ లెక్క ప్రకారం పది గంటలు రావాలి. లెడ్-యాసిడ్ బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయరాదు కనుక ఐదారు గంటలే నమ్మదగినవి. అందువలన రోజంతా మాట్లాడుటకు బదులు, నిర్ణీత సమయాలలో కొద్ది నిమిషాల పాటు ప్రసారం చేయడం మంచి పద్ధతి. శ్రోతల రేడియోలలోని సెల్లులు కూడా దీనివలన ఆదా అవుతాయి.

తెలుగునాట అనుభవాలు

1977 దివిసీమ ఉప్పెన

1977 నవంబరు 19న కోస్తాను తాకిన తుపాను వలన సముద్రపు నీరు కృష్ణా డెల్టాలోని దివిసీమను ముంచివేసినది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు. వాతావరణ శాఖ హెచ్చరికలు వెలువడినా అవి తీరగ్రామాలన్నిటికీ, ప్రజలకు అర్థమయ్యే రీతిలో చేరలేదు. ఉప్పెన తరువాత విద్యుత్తు, టెలిఫోను, రోడ్లు తెగిపోయినందున అక్కడ ఏమి జరిగినదో బయటివారికి వెంటనే తెలియలేదు. ఊరికి కబురు చేరకపోవడం, ఊరి కబురు బయటకు రాకపోవడం అనే రెండు లోపాలూ ఈ విపత్తులో కనిపిస్తాయి.

1990 మే తుపాను

1980 దశకంలో ఇన్శాట్ ఉపగ్రహం ద్వారా తుపాను హెచ్చరికలను నేరుగా తీరప్రాంతాలకు పంపే వ్యవస్థను నెలకొల్పారు. కేంద్రం నుండి సంకేతం రాగానే తీరంలోని రిసీవరు సైరను మోగించి, స్థానిక భాషలో హెచ్చరికను వినిపిస్తుంది. ముప్పు ఉన్న ప్రాంతంలోని రిసీవర్లను మాత్రమే ఎంచుకొని మేల్కొలిపే వీలు ఇందులో ఉన్నది. 1990 మే 9న మరొక తీవ్ర తుపాను కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని తాకినది. ఈసారి లక్షన్నర మందికి పైగా ప్రజలను ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మరణాల సంఖ్య 967. రెండు తుపానుల స్వభావం ఒక్కటి కాదు. 1977 తరువాత కట్టిన తుపాను షెల్టర్లు, అధికారుల సన్నద్ధత కూడా ఇందుకు తోడ్పడినవి. అయినప్పటికీ వేళకు చేరిన హెచ్చరిక విలువను తెలుపుటకు ఈ రెండింటినీ తరచుగా పోల్చి చూపుతారు.

హామ్ రేడియో సేవలు

హామ్ రేడియో అనేది ఔత్సాహికులు లైసెన్సు పొంది నడుపుకొనే రేడియో. భారతదేశంలో పన్నెండేళ్ళు నిండినవారు కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందవచ్చును. ప్రతి హామ్‌కూ ప్రత్యేకమైన పిలుపు సంకేతం ఉంటుంది. వ్యాపారానికి గాని, ప్రజలను ఉద్దేశించిన ప్రసారాలకు గాని దీనిని వాడరాదు.

హైదరాబాదులోని జాతీయ హామ్ రేడియో సంస్థ (ఎన్.ఐ.ఏ.ఆర్.) 1983లో ఎస్. సూరి చొరవతో ఏర్పడినది. హామ్ శిక్షణతో పాటు విపత్తులలో సమాచార సేవలు ఈ సంస్థ ముఖ్యమైన పనులు. 1999 అక్టోబరు నాటి ఒడిషా పెను తుపానులోను, 2001 జనవరి 26 నాటి గుజరాత్ భూకంపంలోను దేశంలోని వివిధ ప్రాంతాల హామ్‌లు తెగిన సంబంధాలను కలుపుటకు పనిచేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకి విద్యుత్తు, సెల్‌ఫోను వ్యవస్థలను దెబ్బతీసినపుడు కూడా హామ్‌ల సేవలను వినియోగించారు.

వీటిలో ఎక్కువగా చెప్పుకొనేది 2004 నాటి సునామీ. చాలా ఏళ్ళ విరామం తరువాత అండమాన్ దీవుల నుండి హామ్ సంభాషణలకు అనుమతి లభించగా, భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఎన్.ఐ.ఏ.ఆర్. బృందం 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ చేరినది. ప్రపంచంలోని ఇతర హామ్‌లతో సంభాషించడమే ఆ యాత్ర ఉద్దేశం. డిసెంబరు 26 ఉదయం భూకంపం, సునామీ రాగానే ఆ బృందం తమ కేంద్రాన్ని సహాయక చర్యలకు మళ్ళించినది. ప్రధాన భూభాగంలోని బంధువులకు క్షేమ సమాచారాలు అందించడం, అధికారుల సందేశాలను చేరవేయడం వారి పని అయినది. తరువాతి రోజులలో తీవ్రంగా దెబ్బతిన్న కార్ నికోబార్‌లో కూడా హామ్ కేంద్రం పనిచేసినది. పరికరాలు, అనుమతి, వాటిని నడపగల మనుషులు విపత్తుకు ముందే అక్కడ ఉండడం యాదృచ్ఛికమే. కాని ఆ మూడూ ముందే ఉన్నందువలననే ఆ సేవ తొలిరోజునే సాధ్యమైనది.

సామాజిక రేడియో

ఒక చిన్న ప్రాంతపు ప్రజల కోసం, వారి భాగస్వామ్యంతో నడిచే ఎఫ్.ఎం. కేంద్రాన్ని సామాజిక రేడియో అంటారు. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు ఇటువంటి కేంద్రాలు నడుపుటకు కేంద్ర ప్రభుత్వం అవకాశం కల్పించినది. వీటికి సాధారణంగా 50 వాట్ల ట్రాన్స్‌మిటరును, 100 వాట్ల వరకు ప్రసరణ శక్తిని, 30 మీటర్ల వరకు యాంటెన్నా ఎత్తును అనుమతిస్తారు. వీటి ప్రసారం పది, పదిహేను కిలోమీటర్ల దూరం బాగా వినిపిస్తుంది.

తెలంగాణలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన సంఘం రేడియో. దళిత మహిళలు నడిపే ఈ కేంద్రం 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్‌పై ప్రసారాలు ప్రారంభించినది. వారి స్టూడియో 1990 దశకం చివరలోనే సిద్ధమైనది. ప్రసార అనుమతి లేనందున అనేక సంవత్సరాలు కార్యక్రమాలను క్యాసెట్లపై రికార్డు చేసి సంఘం సమావేశాలలో వినిపించారు. ఇది విపత్తుల కోసం పుట్టిన కేంద్రం కాదు. అయినా పెద్ద చదువులు లేని గ్రామీణ మహిళలు రికార్డింగు, ప్రసారం నేర్చుకొని, తమ యాసలోనే కార్యక్రమాలు నడపగలరని ఇది నిరూపించినది. రోజూ వినే గొంతు చెప్పిన హెచ్చరికను ప్రజలు త్వరగా నమ్ముతారు కనుక ఇటువంటి కేంద్రాలను విపత్తు సన్నద్ధతలో భాగంగా పరిగణిస్తారు.

కృష్ణాతీరంలో ఆత్మకూర్ ప్రాంతం

విపత్తు సమాచారం అనగానే సముద్రతీరమే గుర్తుకు వస్తుంది. కాని దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతాలలో కూడా దీని అవసరం ఉన్నది. ఒకప్పుడు అమరచింత సంస్థానానికి కేంద్రమైన ఆత్మకూర్ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11 నుండి వనపర్తి జిల్లాలో ఉన్నది. ఇక్కడికి సమీపంలోనే కృష్ణానదిపై ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు ఉన్నది. నదికి ఉత్తరాన ఆత్మకూర్, దక్షిణాన గద్వాల ఉండగా, ఆనకట్ట మీది రోడ్డు రెండు ప్రాంతాలనూ కలుపుతుంది. జూరాలకు దిగువన నది మధ్యలో గుర్రంగడ్డ అనే దీవి గ్రామం ఉన్నది. నదికి పెద్ద ప్రవాహం వచ్చినపుడల్లా ఈ గ్రామానికి రాకపోకలు తెగిపోతాయి.

ఈ ప్రాంతం వర్షాభావానికి పేరుపడినది. ఇక్కడ వాన లేని రోజున కూడా నదికి వరద రావచ్చును. ఎగువన మహారాష్ట్ర, కర్ణాటకలలో కురిసిన వర్షపు నీరు ఆలమట్టి, నారాయణపూర్ జలాశయాలు దాటి జూరాల చేరుతుంది. ఎగువన గేట్లు ఎత్తిన సమాచారం ముందే అందుతుంది కనుక హెచ్చరించుటకు కొంత వ్యవధి దొరుకుతుంది. అయితే ఆ సమాచారం అధికారి వద్ద ఉంటే చాలదు. నది ఒడ్డున అమర్చిన మోటార్లను తెచ్చుకొనుటకు దిగే రైతులకు, చేపలు పట్టేవారికి, లంకలలో గొర్రెలు మేపేవారికి అది చేరాలి. వీరికి కబురు చేర్చుటకు ఊరిలో డప్పు చాటింపు, మైకు ప్రచారం చాలాకాలంగా ఉన్నవి. అవి ఊరి పొలిమేర వరకు పనిచేస్తాయి. నదిలోను, పొలంలోను ఉన్నవారికి వినిపించవు. జేబులో రేడియో ఉన్నవారికి ఎఫ్.ఎం. ప్రసారం అక్కడికి కూడా చేరగలదు.

2009 అక్టోబరు మొదటి వారంలో వచ్చిన కృష్ణా, తుంగభద్ర వరదలు ఈ నదీతీరాల ముప్పును తెలిపినవి. ఉత్తర కర్ణాటకలోను, రాయలసీమలోను కురిసిన అసాధారణ వర్షాల వలన కర్నూలు నగరంలో అధికభాగం, మంత్రాలయం, మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపురం నీట మునిగినవి. శ్రీశైలం జలాశయానికి సెకనుకు సుమారు 25 లక్షల ఘనపుటడుగుల నీరు వచ్చినది. ఆ ఆనకట్టను రూపొందించినపుడు లెక్కించిన అత్యధిక ప్రవాహం 19 లక్షలు మాత్రమే. ఇటువంటి సమయంలో ఆనకట్ట తెగినదన్న ఒక్క వదంతి చాలు, వేలమంది రోడ్లపైకి రావడానికి. కనుక హెచ్చరిక ఎంత ముఖ్యమో, ఆనకట్ట భద్రంగా ఉన్నపుడు ఆ మాట నమ్మకంగా చెప్పడం కూడా అంతే ముఖ్యం.

సందేశం ఉండవలసిన తీరు

విపత్తు ప్రసారంలో సందేశం క్లుప్తంగా, ఆ ఊరివారికి తెలిసిన మాటలతో ఉండాలి. అందులో సాధారణంగా ఈ అంశాలుంటాయి:

- సమాచారం ఎవరిచ్చారు, ఏ తేదీన, ఎన్ని గంటలకు ఇచ్చారు.
- ముప్పు ఏ ఊళ్ళకు, ఎప్పటిలోగా. ఊళ్ళ పేర్లు విడివిడిగా చెప్పాలి.
- ప్రజలు చేయవలసిన పని. ఏ దారిన పోవాలి, ఏ దారి మూసివేయబడినది, పునరావాస కేంద్రం ఏ బడిలో ఉన్నది.
- తరువాతి ప్రసారం ఎన్ని గంటలకు.

"నదిలో మూడు లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఉన్నది" అన్న వార్త ఇంజనీరుకు అర్థమవుతుంది. "ఈ సాయంత్రానికి రేవు మెట్లన్నీ మునుగుతాయి, పశువులను ఇప్పుడే గట్టుకు చేర్చండి" అన్నపుడు గ్రామస్థునికి తాను చేయవలసినది తెలుస్తుంది. ధ్రువపడని సమాచారాన్ని ప్రసారం చేయరాదు. ముందు చెప్పినది తప్పని తేలితే, దానిని ఒప్పుకొని సరైన సమాచారాన్ని పలుమార్లు చెప్పాలి.

ఇతర దేశాలలో

జపాన్‌లో విపత్తు వచ్చినపుడు స్థానిక ప్రభుత్వాలు తాత్కాలిక ఎఫ్.ఎం. కేంద్రాలను నెలకొల్పుటకు ప్రత్యేక అనుమతి పద్ధతి ఉన్నది. 1995 జనవరి 17 నాటి కోబె భూకంపం తరువాత ఇటువంటి కేంద్రం మొదటిసారిగా పనిచేసినది. 2011 మార్చి 11 నాటి భూకంపం, సునామీ తరువాత సుమారు ముప్పై తాత్కాలిక కేంద్రాలు వెలసినవి. మంచినీరు ఎక్కడ దొరుకుతుంది, ఏ దుకాణం తెరిచారు, ఎవరి ఆచూకీ తెలిసినది వంటి స్థానిక వార్తలే వీటి ముఖ్యాంశాలు. దేశమంతటికీ ప్రసారం చేసే పెద్ద కేంద్రాలు ఇంత చిన్న వివరాలను అందించలేవు.

అనుమతులు

భారతదేశంలో అనుమతి లేకుండా రేడియో ప్రసారం చేయడం నేరం. 1885 నాటి టెలిగ్రాఫు చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం చాలాకాలం ఈ విషయాన్ని నియంత్రించినవి. వాటి స్థానంలో పార్లమెంటు 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని ఆమోదించినది. అదుపులేని ప్రసారాలు విమానాల, పోలీసుల, సహాయక బృందాల సంభాషణలకు అడ్డుతగలవచ్చును కనుక ఈ నియంత్రణ అవసరం. అయితే సామాజిక రేడియో అనుమతి అనేక ప్రభుత్వ శాఖల పరిశీలన తరువాత లభిస్తుంది. వరద వచ్చిన తరువాత దరఖాస్తు చేస్తే ప్రయోజనం ఉండదు.

పరిమితులు

వినేవారు లేకపోతే ప్రసారం వృథా. సెల్‌ఫోను, టెలివిజను వ్యాపించిన తరువాత చాలా ఇళ్ళలో విడిగా రేడియో లేకుండా పోయినది. అనేక కొత్త ఫోన్లలో ఎఫ్.ఎం. రిసీవరును తీసివేయడమో, పనిచేయకుండా ఉంచడమో జరిగినది. విపత్తులలో ఉపయోగాన్ని కూడా పేర్కొంటూ, ఫోన్లలో ఎఫ్.ఎం. సౌకర్యం ఉండేటట్లు చూడవలసినదిగా 2023లో కేంద్ర ప్రభుత్వం తయారీదారులకు సూచించినది. అదే సంవత్సరం ఒక ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి హెచ్చరిక పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిని కూడా దేశంలో పరీక్షించారు. ఇది వేగవంతమైనదే గాని, టవరు పనిచేస్తున్నంతవరకే ఉపయోగపడుతుంది.

ఏ పద్ధతి కూడా ఒంటరిగా చాలదు. ఫోను సందేశం, ఆకాశవాణి, సామాజిక రేడియో, హామ్‌లు, చివరకు ఊరిలో డప్పు చాటింపు ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తాయి. పరికరాలను సంవత్సరానికి ఒకసారైనా, వర్షాకాలానికి ముందు, నడిపి చూడాలి. నింపని బ్యాటరీ, వాడుక తెలియని మనిషి, ఎవరికీ తెలియని ఫ్రీక్వెన్సీ ఉన్నచోట అత్యవసర రేడియో పేరుకు మాత్రమే ఉన్నట్లు లెక్క.

ఇవి కూడా చూడండి

- ఆకాశవాణి
- హామ్ రేడియో
- సంఘం రేడియో
- దివిసీమ ఉప్పెన
- ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు
- ఆత్మకూర్ (వనపర్తి జిల్లా)